ప్రభుత్వ సంస్థను ఒక్క నిర్ణయంతో అమ్మేయొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ఉక్కు మాట ఎత్తితే చాలు, గాజువాకలో ఏ టీ కొట్టు దగ్గరైనా వాదన చివరికి ఒక్కచోటికే చేరుతుంది: "అసలు వాళ్లకు అమ్మే హక్కు ఎవరిచ్చారు?" కోపంతో అడిగినా అది అచ్చమైన న్యాయ ప్రశ్నే. అమ్మడం మంచిదా చెడ్డదా అనే తగువు ఈ పేజీలో తేలదు. అమ్మే అధికారం ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికొచ్చి ఆగిపోతుంది అన్నంతవరకే ఇక్కడ చూద్దాం.

పార్లమెంటు ఒప్పుకోకుండా కేంద్రం తన సంస్థను అమ్మగలదా?

అది ఎలా పుట్టిందో చూసి చెప్పాలి. కంపెనీల చట్టం కింద మామూలుగా రిజిస్టరైన కంపెనీ అయితే అమ్మగలదు, కేబినెట్ నిర్ణయం చాలు. పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి పుట్టించిన సంస్థ అయితే ఆ చట్టాన్ని సవరించకుండా కుదరదు. మూడో రకం ఒకటుంది, అసలు చిక్కంతా దానితోనే. ప్రైవేటు చేతుల్లో ఉన్న వ్యాపారాన్ని పార్లమెంటు చట్టం చేసి జాతీయం చేసి, తర్వాత ఒక ప్రభుత్వ కంపెనీకి అప్పగించిన సంస్థ అది. పైకి మామూలు కంపెనీలాగే కనిపిస్తుంది, వెనక మాత్రం చట్టం కాపలా ఉంటుంది.

పెళ్లికి ముందు జాతకం అడిగినట్టు, అమ్మకానికి ముందు సంస్థ పుట్టుక పత్రం అడగాలి. కింద వచ్చే జవాబులన్నీ దాదాపు ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

చట్టం లేకుండా అమ్మే అధికారం రాజ్యాంగంలో ఎక్కడుంది?

రెండు చోట్ల. పార్లమెంటు ఏ విషయాలపై చట్టం చేయగలదో ఆ విషయాల్లో కేంద్రం కార్యనిర్వహణ అధికారం కూడా చెల్లుతుందని 73వ అధికరణ చెబుతుంది. 298వ అధికరణ ఇంకా సూటిగా ఉంటుంది: వ్యాపారం చేయడం, ఆస్తి సంపాదించడం, ఉంచుకోవడం, వదిలించుకోవడం, ఒప్పందాలు రాసుకోవడం ఇవన్నీ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కార్యనిర్వహణ అధికారంలోకే వస్తాయి. ఉంచుకునే అధికారం ఇచ్చిన వాక్యమే వదిలించుకునే అధికారమూ ఇచ్చింది.

"చట్టం లేనిదే ప్రభుత్వం వేలు కదపకూడదు" అనే వాదనకు 1955లోనే సుప్రీంకోర్టు జవాబిచ్చింది. పంజాబ్ ప్రభుత్వం పాఠ్యపుస్తకాల ప్రచురణను తన చేతుల్లోకి తీసుకుంటే ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. అదే రామ్ జవాయా కపూర్ కేసు. ఒకరి చట్టబద్ధమైన హక్కును హరించనంత వరకు, రాజ్యాంగానికీ ఉన్న చట్టాలకీ విరుద్ధం కానంత వరకు, ప్రతి పనికీ ప్రభుత్వం ముందుగా ఒక చట్టం చేయించుకోనక్కర్లేదని కోర్టు తేల్చింది. ప్రభుత్వం వ్యాపారంలోకి దిగడానికి అప్పట్లో వాడిన తర్కమే, అరవై ఏళ్ల తర్వాత వ్యాపారం నుంచి బయటపడడానికి పనికొస్తోంది.

షేర్లు రాష్ట్రపతి పేరు మీద ఉంటాయంటారు. అయితే రాష్ట్రపతి ఒప్పుకోవాలి కదా?

పేరు రాష్ట్రపతిది, నిర్ణయం మంత్రివర్గానిది. 77వ అధికరణ ప్రకారం కేంద్రం చేసే ప్రతి పనీ రాష్ట్రపతి పేరుతోనే జరుగుతుంది, ఒప్పందాలకు 299వ అధికరణ కూడా ఉంది. దాన్ని బట్టి రాష్ట్రపతి వ్యక్తిగతంగా అమ్మకాన్ని ఆపగలరని అనుకోవద్దు.

కేబినెట్ "సూత్రప్రాయ ఆమోదం" ఇచ్చిందంటే అమ్మేసినట్టేనా?

కాదు. 2021 జనవరి 27న ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ విశాఖ ఉక్కులో నూటికి నూరు శాతం వాటా వదులుకోవడానికి ఇచ్చింది ఇలాంటి ఆమోదమే. అది చట్టమూ కాదు, అమ్మకం ఒప్పందమూ కాదు. అమ్మే పని మొదలుపెట్టమని ప్రభుత్వం తనకు తాను ఇచ్చుకున్న అనుమతి. తర్వాత సలహాదారులను పెట్టుకోవాలి, ఆసక్తి ఉన్నవాళ్లను పిలవాలి, విలువ కట్టాలి, బిడ్లు తీసుకోవాలి, మళ్లీ తుది ఆమోదం కావాలి. ఈ తతంగమంతా నడిపేది ఆర్థిక శాఖలోని దీపమ్ అనే విభాగం. (ఆ పేరు పెట్టినవాళ్లకు తెలుగు వచ్చుంటే ఒకసారి ఆలోచించేవారేమో. ఇక్కడి కార్మికులు దీని మీద వేసుకోని జోకు లేదు.)

సూత్రప్రాయ ఆమోదాన్ని వెనక్కి తీసుకోవడానికి కూడా చట్టం అక్కర్లేదు, మరో కేబినెట్ నిర్ణయం చాలు. 2025 జనవరిలో కేంద్రం విశాఖ ఉక్కుకు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినప్పుడు "ఇక అమ్మరు" అని చాలామంది సంబరపడ్డారు. డబ్బు ఇవ్వడం ఒక నిర్ణయం, అమ్మకం ఆమోదాన్ని రద్దు చేయడం ఇంకో నిర్ణయం. ఈ రెండు కాగితాలనూ కలిపి చదవకండి.

విశాఖ ఉక్కును పోరాడి తెచ్చుకున్నాం, 32 మంది ప్రాణాలిచ్చారు. దానికి చట్టంలో విలువే లేదా?

ఈ ప్రశ్నకు జవాబు రాయడం కష్టం. చరిత్రలో ఉన్న విలువ చట్టంలో లేదు.

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" నినాదం 1966లో ఊరూరా మోగింది. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో కర్మాగారం ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. కానీ పార్లమెంటులో ప్రకటించడం వేరు, పార్లమెంటు చట్టం చేయడం వేరు. విశాఖ ఉక్కు కోసం చట్టం ఏదీ రాలేదు. 1982 ఫిబ్రవరి 18న రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ అనే కంపెనీ కంపెనీల చట్టం కింద రిజిస్టరైంది, అంతే. అంటే ఆ కర్మాగారం ఒక ప్రభుత్వ ప్రకటనతో వచ్చింది. న్యాయపరంగా ఇంకో ప్రభుత్వ ప్రకటనతో పోగలదు. ఆనాడు ఉద్యమం నడిపినవాళ్లు "ఫ్యాక్టరీ కావాలి" అన్నారు గానీ "చట్టం కావాలి" అనలేదు. ఎలా అంటారు, దేశమంతా జాతీయం చేసుకుంటూ పోతున్న రోజుల్లో అమ్మకం ఎవరి ఊహకు అందుతుంది?

ఇలాంటి అమ్మకం చెల్లుతుందని సుప్రీంకోర్టు ఎప్పుడు చెప్పింది?

2001 డిసెంబర్ 10న, బాల్కో కేసులో. 1965లో కంపెనీగా పుట్టిన భారత్ అల్యూమినియం (బాల్కో), ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బాలో ఉంది. 2001లో కేంద్రం అందులో 51 శాతాన్ని 551.5 కోట్లకు ప్రైవేటు కంపెనీ స్టెరిలైట్‌కు అమ్మింది. కార్మికులు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. అప్పటి ముఖ్యమంత్రి అజిత్ జోగి ప్రభుత్వం కూడా అమ్మకాన్ని ఎదిరించింది. లోక్‌సభలో అమ్మకాన్ని తప్పుబడుతూ తీర్మానం పెడితే 119 ఓట్లు అనుకూలంగా, 239 ఓట్లు వ్యతిరేకంగా పడి వీగిపోయింది.

ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం (అందులో మన తెలుగువారు జస్టిస్ పి. వెంకటరామిరెడ్డి ఒకరు) అమ్మకాన్ని నిలబెట్టింది. ఆర్థిక విధానం ఏదై ఉండాలో ఎన్నికైన ప్రభుత్వం చూసుకుంటుంది, అది చట్టాన్నో రాజ్యాంగాన్నో మీరినప్పుడే మేం కలగజేసుకుంటాం అన్నది దాని సారం.

ఈ కేసులో మనకు దగ్గరి ముచ్చట ఇంకోటి ఉంది. బాల్కో భూములు గిరిజన ప్రాంతంలోవి. 1997 నాటి సమత తీర్పు, అంటే మన విశాఖ ఏజెన్సీలోని భూములు గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వకూడదన్న తీర్పు, అడ్డొస్తుందని ఛత్తీస్‌గఢ్ వాదించింది. ఆ తీర్పు ఆంధ్రప్రదేశ్ నిబంధన మీద ఆధారపడింది, అక్కడ వర్తించే మధ్యప్రదేశ్ భూచట్టంలో ఆ మాటలు లేవంటూ కోర్టు పక్కన పెట్టింది. పైగా సమత తీర్పు మీదే తమకు గట్టి అభ్యంతరాలున్నాయని కూడా రాసింది. అల్లూరి జిల్లాలో గనుల గొడవ తెలిసినవాళ్లు ఆ పేరాలు చదివి తీరాలి.

మరి కోర్టు ఆపిన సందర్భం ఏదీ లేదా?

ఉంది, అదీ విశాఖకు సంబంధించినదే.

విశాఖ రిఫైనరీ మొదట కాల్టెక్స్ అనే విదేశీ కంపెనీది, 1957లో మొదలైంది. 1970లలో పార్లమెంటు వరుసగా మూడు చట్టాలు చేసింది: ఎస్సో మీద 1974లో, బర్మా షెల్ మీద 1976లో, కాల్టెక్స్ మీద 1977లో. ఎస్సో, కాల్టెక్స్ ఆస్తులు చేరి హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీసీఎల్) అయింది. బర్మా షెల్ ఆస్తులతో భారత్ పెట్రోలియం (బీపీసీఎల్) తయారైంది. పాతికేళ్ల తర్వాత కేంద్రం ఈ రెంటిలో మెజారిటీ వాటా అమ్మబోయింది, పార్లమెంటుకు వెళ్లకుండానే.

2003 సెప్టెంబర్ 16న సుప్రీంకోర్టు కుదరదంది. చమురు వ్యాపారం ప్రభుత్వ యాజమాన్యంలో, నియంత్రణలో ఉండాలన్న ఉద్దేశం ఆ చట్టాల పీఠికలోనే ఉంది. ఆస్తులను ప్రభుత్వ కంపెనీకి అప్పగించమనీ చట్టమే చెప్పింది. వాటా 51 శాతం కిందికి దిగితే అది ప్రభుత్వ కంపెనీయే కాకుండా పోతుంది. అంటే పార్లమెంటు కట్టిన గోడను కేబినెట్ పడగొట్టినట్టవుతుంది. చట్టం సవరించుకుని రండి అంది కోర్టు. బాల్కో తీర్పుతో దీనికి వైరుధ్యం లేదు: బాల్కో వెనక చట్టం లేదు, హెచ్‌పీసీఎల్ వెనక ఉంది.

2018లో హెచ్‌పీసీఎల్‌లోని 51.11 శాతాన్ని కేంద్రం 36,915 కోట్లకు ఓఎన్‌జీసీకి అమ్మింది కదా అని అడుగుతారు. ఓఎన్‌జీసీ కూడా ప్రభుత్వానిదే. ఎడమ జేబులోది కుడి జేబులోకి మారింది.

భారత్ పెట్రోలియంను 2019లో అమ్ముతామన్నారే, అప్పుడు ఆ తీర్పు ఏమైంది?

తీర్పు అలాగే ఉంది. కింద ఉన్న చట్టమే మాయమైంది. పాతబడి పనికిరాని చట్టాలను ఏరి పారేసే 2016 నాటి రద్దు, సవరణ చట్టంతో 187 చట్టాలు కొట్టేశారు. ఆ చాంతాడంత జాబితాలో 1976 నాటి బర్మా షెల్ చట్టం కూడా ఉంది. మూడేళ్లకు, 2019 నవంబర్‌లో, బీపీసీఎల్‌లో 53.29 శాతం అమ్మకానికి కేబినెట్ ఆమోదించింది. పార్లమెంటుకు మళ్లీ వెళ్లాల్సిన అవసరం రాలేదు.

న్యాయపరంగా తప్పు పట్టడానికి ఏమీ లేదు: చట్టాన్ని పార్లమెంటే రద్దు చేసింది. నాకు నచ్చనిది ఆ పద్ధతి. దేశంలోని పెద్ద చమురు కంపెనీ అమ్మకానికి దారి వేస్తున్నాం అని సభలో ఒక్క రోజు చర్చ జరగాల్సిన విషయం, పాత కాగితాలు దులిపే పనిలో కలిసిపోయింది. చివరికి సరైన కొనుగోలుదారులు దొరక్క 2022 మేలో ఆ అమ్మకాన్ని ప్రభుత్వమే విరమించుకుంది.

ఎయిర్ ఇండియా 1953 చట్టంతో జాతీయమైంది. దాన్ని ఎలా అమ్మారు?

ఆ చట్టాన్ని 1994లోనే రద్దు చేసి, కార్పొరేషన్లను కంపెనీలుగా మార్చేశారు. 2022 జనవరి 27న టాటాల చేతికి వెళ్లేనాటికి దాని పుట్టుక పత్రం ఎప్పుడో మారిపోయింది. తాళం 1994లో తీశారు, తలుపు తెరిచింది ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత. 18,000 కోట్ల బిడ్‌లో 15,300 కోట్లు అప్పు భారమే, ఖజానాకు నగదుగా వచ్చింది 2,700 కోట్లు.

ఎల్ఐసీ, బ్యాంకుల సంగతేంటి?

ఇక్కడ చట్టం గట్టిగా నిలబడుతుంది. 1956 చట్టంతో పుట్టిన ఎల్ఐసీలో వాటాలు బయటికి అమ్మాలంటే ఆ చట్టాన్నే సవరించాల్సి వచ్చింది. 2021 ఫైనాన్స్ చట్టంలో ఆ పని చేశారు. అందువల్లే 2022 మేలో 3.5 శాతం వాటాతో పబ్లిక్ ఇష్యూ సాధ్యమైంది. ఇష్యూ తర్వాత ఐదేళ్ల వరకు 75 శాతం, ఆ తర్వాత ఎప్పటికీ 51 శాతం ప్రభుత్వం దగ్గరే ఉండాలని అదే సవరణలో రాశారు. సాధారణ బీమా కంపెనీలకు మాత్రం 2021లోనే వేరే సవరణతో ఆ 51 శాతం షరతు ఎత్తేశారు.

జాతీయం చేసిన బ్యాంకుల్లోనూ 51 శాతం మెట్టు చట్టంలోనే ఉంది. దాన్ని సవరించకుండా ఏ జాతీయ బ్యాంకునూ ప్రైవేటు పరం చేయలేరు.

"మరి మా ఆంధ్రా బ్యాంకును ఎలా లేకుండా చేశారు?" అని మచిలీపట్నం పెద్దలు ఇప్పటికీ అడుగుతారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆ బ్యాంకు 1980లో జాతీయమైంది. 2020 మార్చి 4న నోటిఫికేషన్ వచ్చింది, ఏప్రిల్ 1 నుంచి యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. రిజర్వ్ బ్యాంకును సంప్రదించి విలీనం స్కీమ్ తెచ్చే అధికారం 1980 చట్టంలోని 9వ సెక్షన్ కేంద్రానికి ముందే ఇచ్చిపెట్టింది. అమ్మడానికి పార్లమెంటు కావాలి, కలిపేయడానికి నోటిఫికేషన్ చాలు. పేరు పోయినవాళ్లకు ఈ తేడా పెద్ద ఓదార్పు కాదనుకోండి.

చట్టం సవరించే ఓపిక లేకపోతే ఆర్డినెన్స్‌తో పని కానిచ్చేయొచ్చా?

123వ అధికరణ ప్రకారం పార్లమెంటు ఉభయ సభల్లో ఏ ఒక్కటైనా సమావేశంలో లేనప్పుడు ఆర్డినెన్స్ తేవచ్చు. 1969 జూలైలో 14 బ్యాంకులను జాతీయం చేసింది ఆర్డినెన్స్‌తోనే. కొనడానికి పనికొచ్చింది అమ్మడానికీ పనికొస్తుంది. అయితే సభ తిరిగి కూర్చున్న ఆరు వారాల్లో చట్టంగా మారకపోతే అది చెల్లదు. అది బతికున్న కాలంలో అమ్మకం పూర్తయిపోతే? ఆర్డినెన్స్ కింద జరిగినవన్నీ వాటంతటవే శాశ్వతం కావని, వెనక్కి తిప్పడం సాధ్యమా, ప్రజాప్రయోజనం ఏం చెబుతోంది అన్నవి చూడాలని 2017లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కృష్ణకుమార్ సింగ్ కేసులో చెప్పింది. వేల కోట్లు పెట్టి కొనేవాడు ఇంత గాలిలో దీపం లాంటి హక్కు మీద డబ్బు పెడతాడా అన్నది వేరే ప్రశ్న.

అసెంబ్లీ తీర్మానం చేస్తే కేంద్రం ఆగాలి కదా?

ఆగాల్సిన పని లేదు. 2021 మేలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. దానికి రాజకీయ బరువు ఉంది, చట్టబలం లేదు.

సింగరేణి లెక్క వేరు. అందులో తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49. కేంద్రం తన వాటా అమ్ముకోగలదేమో గానీ కంపెనీని అమ్మలేదు. బొగ్గు బ్లాకుల వేలం అనేది గనుల చట్టాల కింద జరిగే మరో వ్యవహారం, వీధి చర్చల్లో రెండూ కలిపేస్తుంటారు.

రాష్ట్రాలకు కూడా 298వ అధికరణ అదే అధికారం ఇస్తుందని మరిచిపోవద్దు. బోధన్ నిజాం షుగర్స్‌లో 51 శాతాన్ని 2002లో ప్రైవేటుకు ఇచ్చింది కేంద్రం కాదు, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం. తర్వాతి ప్రభుత్వ హయాంలో దాని మీద శాసనసభా సంఘం వేశారు. ఫ్యాక్టరీ మాత్రం 2015 చివర్లో మూతపడింది.

ఉద్యోగులను అడగకుండా అమ్మడం చెల్లుతుందా?

చెల్లుతుందని బాల్కో తీర్పు చెప్పింది. యాజమాన్యం మారకుండా అడ్డుపడే హక్కు ఉద్యోగులకు లేదు. ప్రభుత్వ వాటా పోయాక సంస్థ 12వ అధికరణ ప్రకారం "రాజ్యం" (ప్రాథమిక హక్కులకు కట్టుబడాల్సిన ప్రభుత్వ సంస్థ) కాకుండా పోతుంది కాబట్టి, సమానత్వ హక్కు అడ్డం పెట్టుకుని రిట్ వేసే వీలూ ఉండదు. ఎయిర్ ఇండియా ఉద్యోగులు ప్రభుత్వ హయాంలోనే వేసిన కేసులు కూడా అమ్మకం తర్వాత నిలవవని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఏళ్ల తరబడి హైకోర్టులో నలిగాక, వెళ్లి వేరే చోట చూసుకోమన్నట్టే. నా దృష్టిలో అమ్మకం ఒప్పందంలో యూనియన్లు పట్టుబట్టి రాయించుకోవాల్సిన మొదటి షరతు పెండింగు కేసుల గురించే.

అమ్మాక సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చా?

ఆ సంస్థకు మామూలుగా కుదరదు. దీపమ్‌కు, సంబంధిత మంత్రిత్వ శాఖకు పెట్టొచ్చు.

కారుచౌకగా అమ్మితే కోర్టు పట్టించుకుంటుందా?

విలువ కట్టే పద్ధతి ఏది ఉండాలో చెప్పడానికి కోర్టులు వెనకాడతాయి. అక్రమం కనిపిస్తే మాత్రం ఎన్నేళ్లయినా ఫైలు తెరవొచ్చు. ఒకప్పుడు విశాఖలోనూ స్మెల్టర్ నడిపిన హిందుస్థాన్ జింక్‌లో 26 శాతాన్ని 2002లో 445 కోట్లకు స్టెరిలైట్‌కు అమ్మారు. 2021 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒకే తీర్పులో రెండు మాటలు చెప్పింది. కేంద్రం దగ్గర మిగిలిన 29.54 శాతాన్ని అమ్ముకోవచ్చు, ఎందుకంటే 2002 తర్వాత అది ప్రభుత్వ కంపెనీ కాదు. అయితే ఆ 2002 అమ్మకంపై సీబీఐ కేసు పెట్టి దర్యాప్తు చేయాలి. ఎప్పుడో పందొమ్మిదేళ్ల కిందటి సంతకం మీద.

వేరే దేశాల్లో అధ్యక్షుడు ప్రకటన జారీ చేసి అమ్మేస్తారట, నిజమేనా?

ఫిలిప్పీన్స్‌లో అలా జరిగింది. 1986 డిసెంబర్ 8న అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో 50వ నంబరు ప్రకటన జారీ చేసి, ప్రభుత్వ ఆస్తులు అమ్మడానికి ఒక కమిటీని, ఒక ట్రస్టును పెట్టారు. కానీ అప్పుడు అక్కడ పార్లమెంటే లేదు. నియంత మార్కోస్ పారిపోయాక వచ్చిన తాత్కాలిక రాజ్యాంగం శాసనాధికారాన్ని కూడా ఆమె చేతిలోనే పెట్టింది. పేరుకు ప్రకటన, బలానికి చట్టం. కొత్త కాంగ్రెస్ వచ్చాక ఆ ట్రస్టు గడువు పెంచడానికి చట్టమే చేయాల్సి వచ్చింది.

బ్రెజిల్ సుప్రీంకోర్టు 2019 జూన్‌లో మధ్యేమార్గం పట్టింది: మాతృ సంస్థను అమ్మాలంటే చట్టసభ అనుమతి కావాలి, దాని అనుబంధ కంపెనీలకు అక్కర్లేదు. అది చూసి ఆస్తులను అనుబంధ కంపెనీల్లోకి మార్చి అమ్ముతున్నారని అక్కడ విమర్శ. గోడ ఎక్కడ కట్టినా పక్కనుంచి దారి వెతికేవాళ్లుంటారు.

మా సంస్థ సంగతి నేనే ఎలా తెలుసుకోవాలి?

మొదట పేరు చివర చూడండి. "లిమిటెడ్" ఉంటే కంపెనీ. కానీ అక్కడే ఆగొద్దు, హెచ్‌పీసీఎల్ చివర కూడా లిమిటెడ్ ఉంది. వార్షిక నివేదికలో సంస్థ చరిత్ర చదివి, ఎప్పుడైనా జాతీయం అయిందా, ఏ చట్టంతో అయిందో పట్టుకోండి. తర్వాత ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఆ చట్టం ఇంకా అమల్లో ఉందో రద్దయిందో చూడండి. బర్మా షెల్ ఉదంతం తర్వాత ఈ మెట్టు దాటేయకూడదు. చట్టం బతికుంటే అందులో "ప్రభుత్వ కంపెనీ" అనే మాట, 51 శాతం అనే అంకె ఉన్నాయేమో వెతకండి. ఉంటే మీ లాయరు దగ్గరికి ఆ సెక్షన్ నంబరుతో వెళ్లండి. లేకపోతే కోర్టు మెట్లకన్నా ఎంపీ ఇంటి మెట్లు ఎక్కడం మేలు.